కట్టేసిన కారుకు మేత

బల్లి పలికిందనుకున్నాం.

మాఘమాసం, ఇంకా తెల్లారలేదు. తెనాలిలో పెళ్ళి, ఏడుంపావుకు ముహూర్తం. మా అక్కయ్య పట్టుచీర కట్టుకుని, చదివింపుల కవరు బొడ్లో దోపుకుని, ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. నేను స్టీరింగ్ ముందు కూర్చుని, బ్రేకు తొక్కి బటన్ నొక్కాను. టిక్ టిక్ టిక్ టిక్. అక్కయ్య వెంటనే డాష్‌బోర్డు మీద వేలితో మూడుసార్లు కొట్టి "కృష్ణ కృష్ణ" అంది. ఏ దిక్కున పలికిందో చెప్పు, పంచాంగంలో ఫలం చూసుకుని బయల్దేరదాం అంది. పంచాంగం అక్కర్లేకపోయింది. పలికింది బానెట్ కింద. ఫలం: పెళ్ళికి ఆటోలో పోవుట.

కారు కొని ఏడాదిన్నర. మీటరు మీద 1,140 కిలోమీటర్లు. అందులో ఏడొందల చిల్లర కొత్తలో తిరుపతి వెళ్ళొచ్చిన పుణ్యం. మిగతాది షోరూము నుంచి ఇంటికి తెచ్చుకోవడం, ఇంటి నుంచి గుళ్ళకు తీసుకెళ్ళి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించడం. కొన్నది మా మేనల్లుడు, ఉండేది డాలస్‌లో. అమ్మకు సౌకర్యంగా ఉంటుందని కొన్నాడు. అమ్మకు డ్రైవింగ్ రాదు. డ్రైవర్ని పెడదామంటే, కొత్త బండి, గేర్లు పాడుచేస్తాడన్నాడు. అది గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కదరా అంటే, అయితే సీట్లు పాడుచేస్తాడన్నాడు. కాబట్టి సౌకర్యం షెడ్డులో ఉంటుంది, అమ్మ ఆర్టీసీ బస్సులో ఉంటుంది. తాళాలు నా దగ్గరుంటాయి. మేనకోడల్ని పెళ్ళిలో బుట్టలో మోసినవాణ్ణి, మేనల్లుడి కారు మోయలేనా అని ఒప్పుకున్నాను. బుట్టలో పిల్ల అరగంటలో దిగిపోయింది. కారు దిగలేదు.

వడ్లమూడి కదలికలేని ఊరేం కాదు. గుంటూరు నుంచి తెనాలి పోయే దారిలో నారాకోడూరు దాటాక ఉంటాం. సంగం డెయిరీకి పాల ట్యాంకర్లు, విజ్ఞాన్ విశ్వవిద్యాలయానికి పిల్లల బస్సులు, కంకర టిప్పర్లు, మిరపకాయల బస్తాలేసుకున్న ట్రాక్టర్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు దాటాలంటే ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. ఆ రోడ్డు దిగి సందుల్లోకి వచ్చారా, ఇంటికో కారు, కారుకో షెడ్డు, షెడ్డుకో తాళం. శివరాత్రికి తాటిచెట్టును మించిన ప్రభలే కదిలి కోటప్పకొండకు పోతాయి. మా సందుల్లో కార్లు కదలవు.

వీటిలోనూ కులగోత్రాలున్నాయి. మా మేనల్లుడిది అమెరికా గోత్రం: సంక్రాంతికి రావాలని కొంటారు, సంక్రాంతికి టిక్కెట్లు దొరక్క రారు. ఎదురింటిది కట్నం గోత్రం. మామగారు కారు ఇచ్చారు, అల్లుడుగారు డ్రైవింగ్ నేర్చుకోలేదు. నేర్చుకుంటే పెట్రోలు మామగారిది కాదని ఆయనకు తెలుసు. పైసందులో ఉన్నది అన్నిటిలోకీ గొప్పది, రాజధాని గోత్రం. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగిన ఊపులో, పొలం రేటు చూసుకుని కొన్న బండి. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, రాజధానితో పాటు బండీ ఆగింది. 2025 మే 2న ప్రధాని మళ్ళీ వచ్చి పనులు మొదలుపెట్టారు. రాజధాని స్టార్టయింది. బండి ఇంకా కాలేదు.

ఇంత వ్యవసాయం తెలిసిన ఊరికి ఒక్క సంగతి ఎందుకు తెలియదో నాకర్థం కాదు. గొడ్డును కట్టేశాం కదా అని మేత మానేస్తామా? దున్నినా దున్నకపోయినా ఎద్దుకు గడ్డి వెయ్యాలి. పాలిచ్చినా ఒట్టిపోయినా గేదెకు కుడితి పెట్టాలి. డెయిరీ పక్కన కాపురముండే మాకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కారు దగ్గరికొచ్చేసరికి, ఆపాం కాబట్టి అది ఏమీ తినదనుకుంటాం. తాళం వేసిన కారు నిద్రపోదండీ, నిద్ర నటిస్తుంది. లోపల గడియారం నడుస్తూ ఉంటుంది. దొంగొస్తే అరవాల్సిన అలారం చెవులు రిక్కించి కూర్చుంటుంది. మీ జేబులోని తాళం ఎప్పుడు పిలుస్తుందా అని తలుపులు కాచుకుని ఉంటాయి. కంప్యూటరు తన జ్ఞాపకాలన్నీ ఒళ్ళో పెట్టుకుని మేలుకునే ఉంటుంది. వీళ్ళందరికీ మేత బ్యాటరీ నుంచే.

ఆ మేత ఎంత అంటారా? ఆరోగ్యంగా ఉన్న కారు ఆపి ఉంచినప్పుడు 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా తింటుంది. చూడ్డానికి చిటికెడు. యాభై వేసుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే 29 రోజుల్లో గాదె ఊడ్చినట్టవుతుంది. కానీ గాదె పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కారు ఆగదు. సెల్ఫ్ మోటారు తిరగాలంటే ఒక్క ఊపున వంద, నూటయాభై ఆంపియర్లు కావాలి. సగం తిన్న బ్యాటరీకి ఆ ఊపు ఉండదు. పదిహేను, ఇరవై రోజులకే మొరాయిస్తుంది. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, సగానికి వస్తే 12.2, పన్నెండు దిగిందంటే పాడె కట్టుకోవచ్చు. నిండుకూ పాడెకూ మధ్య తేడా అర వోల్టు పైన కొంచెం, అంతే. మనిషికి జ్వరం కూడా ఇంతకన్నా ఎక్కువ తేడా చూపించి వస్తుంది.

ఇక ఖాళీగా పడున్న బ్యాటరీ లోపల ఇంకో ముచ్చట జరుగుతుంది. సీసం పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి పలుకులు కట్టి మొండికేస్తుంది. రాత్రి అన్నం తిన్న కంచం నీళ్ళు పోసి పెడితే పొద్దున్నే చేత్తో పోతుంది, ఎండబెట్టి వారం తర్వాత తోమితే మెతుకులు గోటికి కూడా రావు కదా, అదే కథ. పైగా మన ఎండలు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను కారిపోయే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో, ఊపిరాడని కవరు కప్పి ఉంచిన కారు ఎలా ఉంటుందో, తాటాకుల పందిరి కింద కూర్చుని విసనకర్ర విసురుకునే మనం ఊహించుకోవచ్చు.

ఇంతదాకా ప్రకృతి. ఇప్పుడు మా మేనల్లుడి వికృతి.

కారు భద్రంగా ఉందో లేదో అని డాలస్‌లో వాడికి నిద్ర పట్టేది కాదు. పోయిన ఏడు వచ్చినప్పుడు జీపీఎస్ ట్రాకర్ పెట్టించాడు. దానికి తోడు ముందూ వెనకా చూసే కెమెరా ఒకటి, బండి ఆగి ఉన్నప్పుడు కూడా కాపలా కాస్తుందట. రెండూ బ్యాటరీకే తగిలించారు. అంటే ఇద్దరు కొత్త అల్లుళ్ళు ఇంట్లో దిగినట్టు. ట్రాకర్ ఏం చేస్తుందంటే, ఆకాశంలోని ఉపగ్రహాలను అడిగి కారు ఎక్కడుందో తెలుసుకుంటుంది, తెలుసుకుని సెల్ టవర్ ద్వారా అమెరికాకు కబురు పెడుతుంది. కారు వడ్లమూడిలో ఉంది. కాసేపాగి మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ చెబుతుంది. కారు వడ్లమూడిలోనే ఉంది. అర్ధరాత్రి లేచి అడుగుతుంది. వడ్లమూడిలోనే ఉంది. ఇలా కారు ఎక్కడికీ పోలేదని రుజువు చెయ్యడానికి, కారు ఎక్కడికైనా పోవడానికి కావలసిన కరెంటంతా ఖర్చు పెట్టేస్తుంది. దొంగ రాకుండా కాపలా పెట్టిన కుక్క, దొంగ ఎత్తుకుపోవలసిన కోడిని తినేసిందన్నమాట. ఒక్క లాభం ఉంది, ఒప్పుకోవాలి. ఈ కారును ఇప్పుడు దొంగ కూడా తీసుకుపోలేడు.

వాడు ఫోన్ చేసినప్పుడు నేను గమనించాను. "మావయ్యా, కారు స్టార్ట్ చేస్తున్నారా?" అనేది మొదటి మాట. "అమ్మ బీపీ మాత్ర వేసుకుంటోందా?" అనేది రెండో మాట. కొన్నిసార్లు రెండో మాట దాకా రాకుండానే వాడికి మీటింగ్ వచ్చేస్తుంది.

స్టార్ట్ చేస్తూనే ఉన్నాను బాబూ. ఆదివారం ఆదివారం క్రతువులాగా చేశాను. ఈ క్రతువు మా ఊళ్ళో అందరూ చేస్తారు, తెనాలిలో, రేపల్లెలో, బాపట్లలో ఉన్న మా బంధువులూ చేస్తారు. పొద్దున్నే స్నానం చేసి షెడ్డు తాళం తియ్యాలి. కవరు మడతపెట్టాలి. అగరొత్తి తిప్పాలి. స్టార్ట్ చేసి, ఏసీ కూడా పనిచేస్తోందో లేదో చూడాలి కాబట్టి ఏసీ వెయ్యాలి, పాటలు కూడా చూడాలి కాబట్టి పాటలు పెట్టాలి. వీడియో కాల్‌లో అమెరికాకు ఇంజన్ శబ్దం వినిపించాలి. అయిదు నిమిషాలయ్యాక ఆపి, కవరు కప్పి, బరువు దిగినట్టు నిట్టూర్చాలి. వారానికి అయిదు నిమిషాలు చాలని ఎవరు చెప్పారో తెలియదు. పూర్వం ఏ ఋషో చెప్పినట్టు ఊరంతా నమ్ముతుంది.

లెక్క చూడండి. వారానికి కారు తిన్నది 8.4 ఆంపియర్ అవర్లు. నిలబెట్టి తిప్పినప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతుంది, దాంతో పాటు తిరిగే ఆల్టర్నేటర్, పాత మెకానిక్కుల భాషలో డైనమో, మెల్లగానే పుట్టిస్తుంది. ఏసీకీ పాటలకూ పోగా బ్యాటరీకి పది ఆంపియర్లు దక్కాయనే ధర్మంగా అనుకుందాం. అయిదు నిమిషాలకు జమ అయ్యేది 0.8. అందులో స్టార్ట్ చేసినందుకు అయిన ఖర్చు తియ్యాలి. ఎనిమిది రూపాయల అప్పుకు ముప్పావలా కట్టి, బాకీ తీరిందని షావుకారుకు దండం పెట్టి వచ్చినట్టు. వడ్డీ వ్యాపారంలో నూటికి రెండు రూపాయలా మూడు రూపాయలా అని నోటిలెక్క కట్టే గుంటూరు జిల్లావాళ్ళం, ఈ లెక్క దగ్గర మాత్రం బోర్లాపడ్డాం.

ఈ జబ్బు మాకు లోకంలో ఎవరూ చెప్పకుండా వచ్చిందని అనడానికి లేదు. 2020 మార్చి 25న దేశం మొత్తం లాక్‌డౌన్ పెట్టారు. మొదట 21 రోజులన్నారు. ఆ తర్వాత మే 3 దాకా అన్నారు, ఆపైన ఇంకా పొడిగించారు. షెడ్డుల్లో కార్లకు మాత్రం ఆ మొదటి 21 రోజులే సరిపోయాయి. రోడ్లు తెరిచిన రోజున బ్యాటరీ షాపుల ముందు జనం, ఒకరి మీద ఒకరు పడకుండా సున్నాలు గీసి మరీ నిలబెట్టారు. దేశానికి దేశం ఒకేసారి బటన్ నొక్కి టిక్ టిక్ విన్నది. అంత పెద్ద పాఠం అంత చవగ్గా ఎవరూ చెప్పరు. నేర్చుకున్నామా? మాస్కులు చెత్తకుండీలో పారేసి, దాంతోపాటు ఆ పాఠాన్నీ పారేశాం.

ఇక్కడ మా ఓటు చైతన్యం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. వడ్లమూడి పొన్నూరు నియోజకవర్గంలో ఉంది, పొన్నూరు గుంటూరు లోక్‌సభ కింద ఉంది. 2014లో మేం గల్లా జయదేవ్ గారిని గెలిపించాం, 2019లో మళ్ళీ గెలిపించాం. వారి నాన్నగారు గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో తిరుపతి దగ్గర పెట్టిన అమర రాజా కంపెనీయే ఈరోజు కార్లకు ఆకుపచ్చ అమరాన్ బ్యాటరీలు చేసేది. 2024లో ఆయన రాజకీయాలకు సెలవు పెట్టారు. అప్పుడు మేం పెమ్మసాని చంద్రశేఖర్ గారిని గెలిపించాం. ఆయనది తెనాలి పక్కన బుర్రిపాలెం. డాక్టరు చదివి అమెరికా వెళ్ళి, అక్కడ కంపెనీ పెట్టి వచ్చారు. ఇద్దరి మీదా నాకే ఫిర్యాదూ లేదు. నేను అనేదల్లా ఒకటే: షెడ్డులో కారు చావడానికి కావలసినవి రెండు, ఒక బ్యాటరీ, ఒక అమెరికా. మేం వరసగా రెండింటినీ ఢిల్లీకి పంపాం. ఇంకే నియోజకవర్గం తన రోగాన్ని ఇంత శాస్త్రీయంగా ఎన్నుకుని ఉండదు.

మళ్ళీ పెళ్ళి రోజు పొద్దుటికి వద్దాం. టిక్ టిక్ విని సందులో కుర్రాళ్ళు నలుగురొచ్చారు. విజ్ఞాన్‌లో బీటెక్ చదివి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళు ఇద్దరు, ఇంకా చదువుతున్నవాళ్ళు ఇద్దరు. "తోద్దాం అంకుల్" అన్నారు. నాకు ఆర్టీసీ బస్సుల పాతరోజులు గుర్తొచ్చాయి. ప్రయాణికులంతా దిగి 'హైలెస్సా' అని తోస్తే, డ్రైవరు రెండో గేరులో క్లచ్ వదిలితే, బస్సు ఒక్క కుదుపుతో లేచేది. ఎక్కడానికి పరుగెత్తడం కూడా టిక్కెట్లో భాగమే. ఆ ధైర్యంతో సరేనన్నాను. నలుగురూ పంచెలు బిగించినట్టు జీన్సులు పైకి లాక్కుని తోశారు. కారు అంగుళం కదల్లేదు. ఆటోమేటిక్ బండి, బ్యాటరీ పోతే గేరు పార్కింగ్‌లో బిగుసుకుపోతుంది. ఎలాగో దాన్ని విడిపించి తోసినా, ఇంజన్ లేవదు. ఇంజన్నూ చక్రాలనూ కలిపేది అందులో నూనె ఒత్తిడి. ఇంజన్ తిరిగితేగాని ఒత్తిడి రాదు, ఒత్తిడి వస్తేగాని ఇంజన్ తిరగదు. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు. షోరూములో అమ్మిన కుర్రాడు "పుష్ స్టార్ట్ బటన్ సార్" అని ఎంత గొప్పగా చెప్పాడో! పుష్ ఒక్కటే పనిచెయ్యని బండికి పెట్టిన పేరది.

ఒకప్పుడు అంబాసిడర్ డిక్కీలో ఇనప హ్యాండిల్ ఉండేది. సెల్ఫ్ కొట్టకపోతే ముందుకొచ్చి హ్యాండిల్ దూర్చి తిప్పేవాళ్ళు. వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. ఆ బాధ తప్పించడానికే అమెరికాలో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ తయారుచేశాడు, 1912లో కాడిలాక్ కార్లకు పెట్టారు. దానికి కరెంటిచ్చే సీసం బ్యాటరీ అంతకన్నా ముసలిది. ఫ్రాన్సులో గాస్టాన్ ప్లాంటే 1859లో చేశాడు. మన సిపాయిల తిరుగుబాటు అప్పుడప్పుడే చల్లారింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా సీసం అదే, ఆసిడ్ అదే. మారిందల్లా చెయ్యి విరగడం మానేసి పరువు విరగడం. (పక్కవీధి మాస్టారు ఈ గోలంతా ఎందుకని కరెంటు కారు కొన్నారు. కింద వందల కిలోల బ్యాటరీ ఉంది కదా, ఇంకేం భయం అన్నారు. ఆ మహాబ్యాటరీని నిద్ర లేపే తాళం, తలుపులు, కంప్యూటరు మళ్ళీ 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే నడుస్తాయని ఆయనకు దసరా సెలవుల తర్వాత తెలిసింది. కొట్టునిండా ధాన్యం, తాళంచెవి నూతిలో.)

ఆటోలో పెళ్ళికి పోయాం. మేం వెళ్ళేసరికి తలంబ్రాలు కూడా అయిపోయి, ఫోటోగ్రాఫరు మాత్రం మిగిలాడు. అక్కయ్య ఆటోలో నలిగిన చీర సర్దుకుంటూ అందరికీ చెప్పింది, "మా అబ్బాయి కారు కొన్నాడుగా" అని.

మర్నాడు కారుకు ప్రాణం పోసే ఏర్పాటు మొదలైంది. జంపర్ కేబుళ్ళు ఎవరింట్లోనూ లేవు. ఆరు కార్లున్న సందులో ఆరింటి దగ్గరా నిమ్మకాయలున్నాయి, కేబుళ్ళు లేవు. నారాకోడూరు నుంచి తెప్పించాం. ఇప్పుడు కరెంటు ఎవరిస్తారు? ఎదురింటి కట్నం కారుది కూడా అదే పరిస్థితని మూతతీశాక తెలిసింది. రాజధాని కారు సంగతి చెప్పనే చెప్పాను. బీటెక్ కుర్రాడొకడు రోడ్డు మీద పోయే పెద్ద లారీని ఆపుదామన్నాడు, బ్యాటరీ పెద్దది కదా అంకుల్ అన్నాడు. అప్పుడే మిరప్పొలం నుంచి వస్తూ ఆగిన ట్రాక్టరు డ్రైవరు, ఏడో తరగతి దాకా చదివినవాడు, నవ్వాడు. "లారీకి రెండు బ్యాటరీలండీ, ఇరవై నాలుగు వోల్టులు. మీ బండి కంప్యూటరు మాడి మసైపోద్ది. ఇదైతే పన్నెండే" అన్నాడు. ట్రాక్టరు దగ్గరికి తెచ్చాడు. ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో ఎర్రది తన ప్లస్‌కు, నల్లది తన మైనస్‌కు పెట్టాడు. చివరి నల్లది నేను మా మైనస్‌కు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. "అక్కడొద్దు బాబాయ్, నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ మీద గ్యాసుంటది" అని దూరంగా ఇంజన్ ఇనుముకు తగిలించాడు. పన్నెండు లక్షల కారు, బురద ట్రాక్టరు పాలు తాగి లేచింది. అది లేస్తున్నంతసేపూ మా అక్కయ్య బానెట్ మీద తువ్వాలు పరిచి పట్టుకుంది, ట్రాక్టరు మట్టి అంటకుండా. డబ్బులివ్వబోతే అతను తీసుకోలేదు. "రోజూ తిప్పండి, అదే పదివేలు" అని పోయాడు.

బ్యాటరీ షాపు కుర్రాడు దాన్ని ఊడదీసి పట్టుకెళ్ళి, రాత్రంతా స్లో ఛార్జింగ్ పెట్టి తెచ్చాడు. పోయిందంటాడు, కొత్తదంటాడు, ఆరేడు వేలు రాలతాయని నేను సిద్ధపడి ఉన్నాను. అతను అనలేదు. "రోగమేం లేదండీ. ఆకలి" అన్నాడు. వారానికోసారి ఆపకుండా ఓ గంట తిప్పమన్నాడు. తిప్పనివాళ్ళకు ఇంకో ఉపాయం ఉందన్నాడు. జేబులోంచి పది నంబరు స్పానరు తీసి మైనస్ టెర్మినల్ చూపించాడు. ఊరెళ్ళేటప్పుడు ఇది విప్పి పక్కన పెడితే కారు ఏమీ తినదు. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ ఆఖరు. గుర్తు పెట్టుకోవలసింది ఇంతే. స్పానరు ఖరీదు ఒక కిలో టమాటాలంత.

రాత్రి మేనల్లుడికి ఈ శుభవార్త చెప్పాను. వాడు కంగారుపడ్డాడు. "వద్దు మావయ్యా, విప్పితే కార్లో గడియారం పోద్ది" అన్నాడు. షెడ్డులో, కవరు కింద, చీకట్లో, ఎవరూ లేని కార్లో సరైన టైము ఉండాలట. "ట్రాకర్ కూడా ఆగిపోద్ది, అప్పుడు కారు ఎక్కడుందో నాకెలా తెలుస్తది?" అన్నాడు. పోనీ ఊరికే నాలుగు రోజులకోసారి తిప్పుతానంటే, కిలోమీటర్లు పెరిగితే రీసేల్ పడిపోద్దన్నాడు. కారు అమ్మేవాళ్ళకు తిరగని కారు అందం. ఆ అందం కోసం కొన్నవాళ్ళకు కారు లేకపోవడం అలవాటైంది. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం రెండూ షెడ్డులోనే పుట్టి షెడ్డులోనే గడువు తీరి పోతున్నాయి. ఇంకో పదమూడున్నరేళ్ళకు రిజిస్ట్రేషన్ కూడా తీరుతుంది. అప్పటికి మీటరు మీద రెండువేలుంటే వాడు గెలిచినట్టు.

నేను మారు మాట్లాడలేదు. కుర్రాడు గంట తిప్పమన్నాడు కదా అని, మరుసటి ఆదివారం పొద్దున ఏడున్నరకు అక్కయ్యను ఎక్కించుకుని బయల్దేరాను. క్రతువు లేదు, వీడియో కాల్ లేదు. నారాకోడూరులో తిరిగి చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక. చేబ్రోలులో బ్రహ్మగుడి దగ్గర దిగి దణ్ణం పెట్టుకుంటానంది. ఆపలేదు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో బ్రహ్మకే తెలియాలి. పొన్నూరు ఆంజనేయస్వామికి కూడా అద్దంలోంచే దణ్ణం పెట్టించాను. బాపట్ల దాటేసరికి కారు గొంతు మారింది. ఎద్దును చాన్నాళ్ళకు కాడికి కడితే మొదట బెదిరి, తర్వాత మెడ ఊపుకుంటూ పోయినట్టు పోతోంది. సిగరెట్ లైటరు బొక్కలో పెట్టే చిన్న మీటరు కొన్నాను, అది 14.1 చూపిస్తోంది.

సముద్రం దగ్గర అక్కయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఏడాదిన్నరగా తన పేరున ఉన్న కార్లో తను మొదటిసారి తిరుపతి కాకుండా ఇంకో ఊరు చూసింది. వేరుశెనక్కాయలు కొనుక్కుంది. అప్పుడు ఫోన్ మోగింది. డాలస్‌లో రాత్రి పది కావస్తోంది.

"మావయ్యా, కారు ఎవరో ఎత్తుకుపోయారు. సూర్యలంకలో చూపిస్తోంది."

"ఎత్తుకొచ్చింది నేనేరా."

అటువైపు కాసేపు మాట లేదు. "ఉప్పుగాలి మావయ్యా! బాడీ తుప్పు పడతది. అర్జంటుగా వెనక్కి తిప్పండి" అన్నాడు. "కార్లో ఇంకెవరున్నారు?"

"మీ అమ్మ."

"ఇసక కాళ్ళతో ఎక్కొద్దని చెప్పండి. మ్యాట్లు కొత్తవి."

స్పీకర్లో ఉంది ఫోను. అక్కయ్య అప్పటికే ఎక్కి కూర్చుని, ఒళ్ళో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. విన్నది. కుడికాలు పైకెత్తి మ్యాటు మీద దులిపింది. కొంచెం ఆలోచించి ఎడమకాలు కూడా దులిపింది.